మా నాయిన రిపోర్టులో ఈ రంగుల లెక్క ఎవరైనా చెప్పగలరా?

మాది దేవరకొండ దగ్గర పల్లె. నాయినకు 61 ఏళ్లు. సంక్రాంతికి మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ లేచింది, నొప్పి లేదు. టీబీ అనుకొని రెండు నెలలు మందులు వాడించారు (ఆ రెండు నెలలు తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది). తగ్గలేదు. చివరికి నల్లగొండలో గడ్డ మొత్తం తీసి బయాప్సీకి పంపితే లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) అని తేలింది. ఏ రకమో తెలియాలంటే ఐహెచ్‌సీ (గడ్డ ముక్కకు రంగులు వేసి కణాల ప్రొటీన్లు చూసే పరీక్ష) చేయాలన్నారు.

కణం మీది ప్రొటీన్‌కు యాంటీబాడీ అంటుకుంటే గోధుమరంగు వస్తుందట. ల్యాబ్‌లో ఒకాయన మైక్రోస్కోపులో చూపించాడు కూడా: నీలం చుక్కలు, ఒక్కోదాని చుట్టూ గోధుమరంగు ఉంగరం. ఆ ఉంగరమే సీడీ20 (బీ కణాల మీద ఉండే ప్రొటీన్).

రిపోర్టులో సీడీ20, బీసీఎల్6, మమ్1 పాజిటివ్. సీడీ3, సీడీ10 నెగటివ్. కేఐ-67 80 శాతం. కింద 'డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా, నాన్ జీసీబీ' (ఈ లింఫోమాలో ఒక ఉపరకం) అని ఉంది. 80 శాతం ఒంటికి పాకిందనుకొని అమ్మ ఒకటే ఏడుపు. అది విభజన చెందుతున్న కణాల లెక్కే అని చెప్పినా వినదు.

సీడీ20 ఉంది కాబట్టి రిటుక్సిమాబ్ (సీడీ20కి అంటుకొని పనిచేసే మందు) ఇస్తామన్నారు. నాన్ జీసీబీ అయితే మొదటి మందులేమైనా మారతాయా? మైక్, బీసీఎల్2 ప్రొటీన్ల రంగులు వేయలేదు, ఫిష్ (కణాల జన్యువుల్లో మార్పులు చూసేది) పరీక్ష మాటే లేదు. కీమోకు ముందే అడగాలా? హైదరాబాద్‌లో ఎంఎన్‌జేలోనో నిమ్స్‌లోనో మళ్లీ చూపించాలంటే మైనం బ్లాకు (గడ్డ ముక్కను మైనంలో పెట్టి ఉంచింది) ఒక్కటే చాలా, స్లైడ్లు కూడా తీసుకెళ్లాలా? ఈ ఎండలో బస్సులో పోతే ఆ మైనం కరగదు కదా?

సోమవారమే మొదటి కీమో. తెలిసినవాళ్లు కాస్త త్వరగా చెప్పండి.