అప్‌డేట్: మా ఆఫీసు సిస్టమ్స్ చెకింగ్‌లో ఏం బయటపడిందంటే

మా చిన్న కంపెనీ కంప్యూటర్లు, సర్వర్ ఎంత భద్రంగా ఉన్నాయో చూసుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగాను కదా. ముందు ఉన్నవన్నీ జాబితా రాయమన్నారు. ఆ సలహా ఇచ్చినవాళ్లకు నిజంగా రుణపడి ఉంటాను.

జాబితా రాస్తుంటేనే సర్వర్‌లో విండోస్ సర్వర్ 2012 ఆర్2 అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఉందని తెలిసింది. దానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2023 అక్టోబర్‌లోనే ఆగిపోయాయి. పైగా రిమోట్ డెస్క్‌టాప్ (బయటి నుంచే సర్వర్‌ని వాడే సౌకర్యం) కోసం రౌటర్‌లో 3389 పోర్ట్, అంటే బయటి కనెక్షన్లు లోపలికి వచ్చే దారి, ఇంటర్నెట్‌కి నేరుగా తెరిచి ఉంది. సర్వర్ లాగ్ (లాగిన్ల రికార్డు) తెరిస్తే ఎవరెవరో 'అడ్మినిస్ట్రేటర్' పేరుతో లాగిన్ ప్రయత్నాలు, పేజీల కొద్దీ. ఆ పోర్ట్ వెంటనే మూసేశాం. ఇప్పుడు బయటి నుంచి రావాలంటే వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి ఎన్‌క్రిప్ట్ చేసిన దారి), దానికి ఓటీపీ.

అసలు టెన్షన్ పెట్టింది బ్యాకప్. రోజూ 'సక్సెస్' అనే చూపిస్తోంది. కానీ ఆ బ్యాకప్‌ని వేరే మెషీన్‌లో రీస్టోర్ చేస్తే (తిరిగి తెచ్చి చూస్తే) అకౌంట్స్ డేటాబేస్ తెరుచుకోలేదు. డేటాబేస్ నడుస్తుండగానే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ దాని ఫైల్‌ని అలాగే కాపీ చేస్తోందట, అందుకే ఆ కాపీ పనికిరాలేదు. ఇప్పుడు డేటాబేస్‌లోనే ఉండే బ్యాకప్ సౌకర్యంతో బ్యాకప్ తీసి, ఆ ఫైల్‌నే కాపీ చేస్తున్నాం. ఒక కాపీ నెట్‌వర్క్‌కి తగిలించకుండా విడిగా ఉంటుంది. మళ్లీ రీస్టోర్ చేసి చూశాం, తెరుచుకుంది.

మానేసిన ఉద్యోగుల లాగిన్లు కూడా తీసేశాం. సర్వర్ మార్చడం ఒక్కటే మిగిలింది, కొటేషన్లు అడుగుతున్నాం.