నాటకంలో వృషణాలు కోసుకునే ఘట్టం: ఎంత చూపాలి?

ప్రశ్న: లెంజ్ 1774 నాటి జర్మన్ నాటకం ‘డెర్ హాఫ్‌మైస్టర్’ వేస్తున్నాం. ట్యూటరు లాయ్‌ఫర్ తన వృషణాలు తానే కోసుకుంటాడు. మొదటి వరుస ప్రేక్షకులు వేదికకు మూడడుగుల దూరంలో ఉంటారు. కోత చూపాలా? రక్తం ఎలా కలపాలి?

జవాబు: కోత వద్దండి. మూలంలోనూ అది కళ్ల ముందు జరగదు. మంచం మీదున్న లాయ్‌ఫర్ బడిపంతులు వెంజెస్లాస్‌కు చెబుతాడు. ఆ పంతులు అతణ్ణి మెచ్చుకుంటాడు! ఒళ్లు జలదరించేది ఆ మెప్పుకే. గాయం మీద లైటు వేస్తే ఆ మాటలు ఎవరి చెవికీ ఎక్కవు.

జవాబు: రక్తం దుప్పటి మీద చాలు. కప్పు కార్న్ సిరప్‌లో రెండు చెంచాల ఎర్ర ఫుడ్ కలర్, రెండు చుక్కల నీలం, అర చెంచా కోకో. నీలం లేకపోతే లైట్ల కింద షర్బత్‌లా కనిపిస్తుంది. కోకోను ముందే కాస్త నీళ్లలో కలపాలి, లేదంటే ఉండలు కడుతుంది. తడిపిన స్పాంజిని పలచటి సంచిలో పెట్టి, చిన్న చిల్లు పొడిచి, దుప్పటి కింద దాచండి. నటుడు నొక్కితే మరక మెల్లగా పాకుతుంది. నేల మీద కారనివ్వకండి, కాళ్లు జారతాయి. కత్తి అంచు మొద్దుగా ఉండాలి.

జవాబు: ఇంకో మాట, ఆ తర్వాత లాయ్‌ఫర్ గొంతు సన్నగా మార్చకండి. చాలామంది చేసే తప్పిది. యుక్తవయసుకు ముందే కోస్తేనే స్వరతంత్రులు పొట్టిగా మిగులుతాయి. పెద్దయ్యాక గొంతు మారదు. చిన్నప్పుడే కోసిన గాయకుడి కథ కాబట్టే 1994 ‘ఫారినెల్లి’ సినిమాకు కౌంటర్‌టెనర్ (స్త్రీ స్థాయిలో పాడే మగ గాయకుడు) డెరెక్ లీ రాగిన్, సొప్రానో (హెచ్చు స్థాయిలో పాడే గాయని) ఎవా మాలాస్-గొద్లెవ్‌స్కా గొంతులను కలిపి ఒక్క గొంతు చేశారు.