బీటెక్ ఇండియాది, ఉద్యోగం హ్యూస్టన్‌లో: పీఈ లైసెన్సు సంగతేంటి?

హ్యూస్టన్ కుర్రాడు

అందరికీ నమస్కారం. ఇండియాలో సివిల్ బీటెక్ చేశా. కంపెనీ ట్రాన్స్‌ఫర్ మీద హ్యూస్టన్ వచ్చి నాలుగేళ్లయింది. స్టీల్ కనెక్షన్లు, పునాదులు డిజైన్ చేస్తా. లెక్కలన్నీ నావే, డ్రాయింగ్ మీద స్టాంపు మాత్రం పక్క సీటాయనది, పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) లైసెన్సు ఉన్నది ఆయనకే మరి. నా తర్వాత చేరినవాళ్లు కూడా స్టాంపు తెచ్చుకుంటుంటే లోపల కాస్త చివుక్కుమంది. పోయిన నెల పీఈకి ముందు రాసే ఎఫ్‌ఈ పరీక్ష పాసయ్యా.

మా కోర్సుకి ఎన్‌బీఏ (ఇండియాలో ఇంజినీరింగ్ కోర్సుల్ని పరిశీలించే సంస్థ) గుర్తింపు ఉంది, దేశాలు ఒకరి ఇంజినీరింగ్ కోర్సుల్ని ఒకరు గుర్తించే వాషింగ్టన్ అకార్డ్ ఒప్పందంలో ఇండియా ఉంది. మరి డిగ్రీ గొడవ తీరినట్టేనా? ఇంకోటి, మా ఆవిడకి కాలిఫోర్నియాలో ఉద్యోగం వచ్చేలా ఉంది. ఇక్కడి లైసెన్సు అక్కడ చెల్లుతుందా?

బీమ్ కాలమ్

తమ్ముడూ, నేనూ ఈ దారినే వచ్చా. పీఈ పరీక్ష ఎన్‌సీఈఈఎస్ (ఈ పరీక్షలు పెట్టే జాతీయ సంస్థ) వాళ్లది, దేశమంతా ఒకటే. లైసెన్సు ఇచ్చేది మాత్రం రాష్ట్ర బోర్డు. గందరగోళమంతా ఇక్కడే.

ఇండియా 2014లో అకార్డ్‌లో చేరింది, నిజమే. కానీ అందులో అమెరికా తరఫున ఉన్నది ఇక్కడి కోర్సులకి గుర్తింపునిచ్చే ఏబెట్, లైసెన్సు బోర్డులు కాదు. అది చూపిస్తే పనైపోతుందనుకుని నేను ఆరు నెలలు పోగొట్టుకున్నా. చివరికి ఎన్‌సీఈఈఎస్ దగ్గరే డిగ్రీ మదింపు చేయించా. మార్కుల లిస్టు యూనివర్సిటీ నుంచి నేరుగా వెళ్లాలి. కవరు కదిలేలోపు మా బావమరిది పరీక్షల విభాగం చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. తీరా రిపోర్టు వస్తే లెక్కలు, ఇంజినీరింగ్ బ్రహ్మాండం, హ్యుమానిటీస్ క్రెడిట్లు తక్కువ! మనం బీటెక్‌లో అలాంటివి ఎన్ని చదివాం చెప్పు. ఇదంతా ఎందుకంటే, టెక్సాస్‌లో బోర్డు ఒప్పుకునే డిగ్రీ అయితే 4 ఏళ్ల అనుభవం చాలు, కాకపోతే 8 ఏళ్లు.

చాదస్తం అని నేనూ విసుక్కున్నా. 1937లో టెక్సాస్‌లోనే న్యూ లండన్ అనే ఊళ్లో బడిలో గ్యాస్ పేలి దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. టెక్సాస్‌లో ఇంజినీర్ల లైసెన్సు చట్టం ఆ ఏడాదే వచ్చింది. అది చదివాక నోరు మూసుకున్నా.

మదింపు నడుస్తుండగానే పరీక్ష రాసెయ్. టెక్సాస్‌లో ఎఫ్‌ఈ అయ్యాక అనుభవం నిండేదాకా ఆగక్కర్లేదు. 80 ప్రశ్నలు, 8 గంటలు.

ఇక కాలిఫోర్నియా. చేతిలో టెక్సాస్ లైసెన్సు ఉన్నా సివిల్ వాళ్లు అక్కడ ఇంకో రెండు పరీక్షలు రాయాల్సిందే: భూకంపాలది ఒకటి, సర్వేయింగ్ ఒకటి. భూకంపాలది నీకు పెద్ద టెన్షన్ కాదు, నువ్వు చేసే డిజైన్ పనికి దగ్గరదే. సర్వేయింగే మనలాంటి వాళ్లని ముంచేది. డంపీ లెవెల్ మోసుకుని సర్వే క్యాంపుకి వెళ్లిన జ్ఞానం సరిపోదు. నేను మొదటిసారి తప్పా.

కిప్స్

ఒక్క మాట కలుపుతా. రిఫరెన్సుల సంగతి ఇప్పుడే చూసుకోండి. టెక్సాస్‌కి కనీసం ముగ్గురు పీఈలు మీ పనికి సాక్ష్యం చెప్పాలి. మా పాత బాస్ రిటైరై వెళ్లిపోయాడు, ఆయన్ని పట్టుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఏ ప్రాజెక్టులో ఏం చేశారో నెలకోసారి రాసి పెట్టుకోండి. "డిజైన్‌లో సాయపడ్డాను" అని రాస్తే బోర్డు తిప్పికొడుతుంది. ఏ లోడ్లు లెక్కేశారు, ఏ నిర్ణయం మీది, అది రాయాలి.

హ్యూస్టన్ కుర్రాడు

అన్నా, అండీ, ఇద్దరికీ థాంక్స్. యూనివర్సిటీ పని ఈ రోజే నాన్నకి అప్పజెప్పా. ఎఫ్‌ఈకి ఆఫీసులో ఒకాయన క్యాలిక్యులేటర్ అడిగి తీసుకెళ్లా, ఇచ్చేశా. బీటెక్‌లో వాడిన కాసియో ఎఫ్‌ఎక్స్-991ఎంఎస్ ఇంట్లో అలమరలో ఉందట. తెప్పించుకోనా?

బీమ్ కాలమ్

తెప్పించుకో. పేరులో ఎఫ్‌ఎక్స్-991 ఉంటే లోపలికి రానిస్తారు. బ్యాటరీ మార్చు.