విద్యాసాగర్ మహారాజ్ ఆహార నియమం: మధ్యలో ఎందుకు ఆపేస్తారు?

ప్రశ్న: జైన దిగంబర ముని ఆచార్య విద్యాసాగర్ గారు రోజుకొక్కసారే, నిలబడి, దోసిట్లోనే తినేవారట. మునులు ఒక్కోసారి సగంలో ఆపేస్తారంటారు, ఎందుకండీ?

జవాబు: దిగంబర మునులందరికీ ఇదే నియమమండీ. దోసిట్లో వెంట్రుకో, చచ్చిన చీమో కనబడితే అంతరాయం, అంటే భోజనం అక్కడితో ఆపేయడమే. ఇక ఆ రోజుకు నీళ్లు కూడా ఉండవు, మళ్లీ మర్నాడే. అందుకే ఆహారం పెట్టేవాళ్లు ప్రతి ముద్దా వెలుతురులో విప్పి చూసి మరీ పెట్టాలి.

జవాబు: ఆహారం పెట్టేవాళ్ల పొరపాట్లు ఎక్కువగా నీళ్ల దగ్గరే. దళసరి గుడ్డ రెండు మడతలేసి వడగట్టాలి. అలా వడగట్టినవి 48 నిమిషాలే పనికొస్తాయి, బాగా మరగకాస్తే 24 గంటలు. గుడ్డకు అంటినదాన్ని నీళ్లు తోడిన బావిలోకే మెల్లగా వదలాలి. పారబోస్తే అందులోని సూక్ష్మజీవులు చస్తాయి, వడగట్టిన ప్రయోజనమే పోతుంది.

జవాబు: విద్యాసాగర్ గారు ఉప్పు, చక్కెర కూడా వదిలేశారండీ. 1968లో అజ్మీర్‌లో దీక్ష, 1972లో ఆచార్య పదవి. 2024 ఫిబ్రవరి 18న ఛత్తీస్‌గఢ్‌లోని డోంగర్‌గఢ్‌లో సల్లేఖనతో (ఆహారం, నీళ్లు మానేసి ప్రాణం విడిచే జైన వ్రతంతో) దేహం విడిచారు.