సాలమన్ దీవులు: ఒకసారి చూసొచ్చి రెండొందల ఏళ్ళు ఎలా పోగొట్టుకున్నారు?

నంగనల్లూరు_నాని:
సంక్రాంతికి చెన్నై నుంచి నెల్లూరు వెళ్ళినప్పుడు మా మామగారు తన పాత స్టాంపుల ఆల్బమ్ తీసి మా అమ్మాయి చేతిలో పెట్టారు. అందులో బ్రిటిష్ సాలమన్ దీవుల స్టాంపు ఒకటుంది, పొడుగాటి పడవ బొమ్మతో, ఒక మూల పళ్ళు ఊడిపోయి. పిల్ల ఎనిమిదో క్లాసు. స్కూలు ప్రాజెక్ట్ దీనిమీదే చేస్తానని కూర్చుంది, నేను సాయం చేస్తానని ఎగేసుకుని దిగాను, ఇప్పుడు ఇరుక్కున్నాను.

ఆస్ట్రేలియాకి ఈశాన్యంగా పసిఫిక్ సముద్రంలో ఉన్నాయి ఇవి. స్పెయిన్ వాళ్ళు పెరూ నుంచి వచ్చి 1568లో ఈ దీవులు చూశారు, ఆరు నెలలు అక్కడే తిరిగారు, పేర్లు కూడా పెట్టారు, వెనక్కి వెళ్ళిపోయారు. ఆ పెద్ద దీవుల్ని మళ్ళీ ఇంకో యూరప్ ఓడ చూసింది 1767లోనట. మధ్యలో వెతకలేదా అంటే వెతికారట, దొరకలేదట! "దీవి ఏమన్నా గొడుగా నాన్నా, 21జి బస్సులో మర్చిపోయి దిగిపోవడానికి" అంటోంది మా పిల్ల. చిన్న చిన్న దీవులై ఉంటాయిలేమ్మా అని తప్పించుకోబోయాను. తీరా చూస్తే వాటిలో గ్వాదల్‌కెనాల్ అనే దీవి ఒక్కటే 5,300 చదరపు కిలోమీటర్లు, దాని మీద కొండ 2,300 మీటర్ల పైమాటే, మన తిరుమల కొండ దాని నడుం దాకా కూడా రాదు. అంతది ఎలా పోతుంది? సోమవారం సబ్మిట్ చెయ్యాలి, తెలిసినవాళ్ళు పుణ్యం కట్టుకోండి.

పటాల_పిచ్చి:
నానీ గారూ, దీవులు ఎక్కడికీ పోలేదు, కాగితం మీద వాటి చోటు తప్పింది.

సముద్రం మధ్యలో ఎక్కడున్నామో తెలియాలంటే అక్షాంశం, రేఖాంశం రెండూ కావాలి కదా. అక్షాంశం అప్పటికే బాగానే వచ్చు, మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో కొలిచి పట్టిక చూసుకుంటే సరిపోయేది. చిక్కంతా రేఖాంశంతోనే. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, బయల్దేరిన రేవులో ఇప్పుడు టైమెంత, నేనున్న చోట టైమెంత అని పోల్చుకుంటే తేడాలో ప్రతి నాలుగు నిమిషాలూ ఒక డిగ్రీ. కానీ రేవు టైము తెలిసేదెలా? ఊగే ఓడ మీద నెలల తరబడి సరిగ్గా నడిచే గడియారం అప్పుడు ఎవరి దగ్గరా లేదు. జాన్ హారిసన్ అనే ఇంగ్లీషాయన (మొదట్లో వడ్రంగి పని చేసేవాడు) తయారుచేసిన వాటిలో నిజంగా పనికొచ్చిన గడియారం ఓడెక్కి పరీక్షకు వెళ్ళింది 1761లో. అంటే మన కథకి దాదాపు రెండొందల ఏళ్ళు ఆలస్యం.

మరి 1568లో ఏం చేశారంటే అంచనా వేశారు. ఇవాళ గాలి ఎంతుంది, ఓడ ఎంత వేగంగా పోయినట్టుంది, ఎన్ని గంటలు, అలా రోజూ కూడుకుంటూ పోవడమే. మీరు విజయవాడ వెళ్ళే పినాకినీ ఎక్కి, కిటికీలన్నీ మూసేసి, ఈ పెట్టె నుంచి ఆ పెట్టెకి నడుస్తూ అడుగులు లెక్కపెట్టి "రెండొందల మీటర్లు వచ్చాను" అని రాసుకున్నారనుకోండి. అడుగుల లెక్క కరెక్టే, కానీ మీరప్పటికి గూడూరు దాటేసి ఉంటారు. పసిఫిక్‌లో భూమధ్యరేఖకి దక్షిణంగా నీళ్ళే పడమటికి ప్రవహిస్తుంటాయి. ఓడ నీళ్ళ మీద కదిలినంతే వీళ్ళు లెక్కపెట్టారు, నీళ్ళు ఓడని మోసుకుపోయింది లెక్కలోకి రాలేదు.

అల్వారో దె మెండాన్యా నాయకుడు, ఎర్నాన్ గాయేగో పెద్ద పైలట్. 1567 నవంబర్‌లో పెరూలోని కయ్యావో రేవు నుంచి రెండు ఓడలతో బయల్దేరి, 80 రోజులకి, 1568 ఫిబ్రవరి 7న శాంతా ఇసబెల్ దీవి దగ్గర తేలారు. నిజానికి వచ్చింది 13,000 కిలోమీటర్ల పైన, వాళ్ళ లెక్కలో మాత్రం చాలా తక్కువ. దాంతో పటాల్లో ఈ దీవులు వేల కిలోమీటర్లు తూర్పుకి, పెరూ వైపుకి జరిగిపోయాయి. ఎంత తప్పో తెలియాలంటే ఇది చూడండి: 1595లో ఇదే మెండాన్యా రెండోసారి బయల్దేరి, దారిలో మార్కేసాస్ దీవులు కనబడగానే ఇవే నా సాలమన్ దీవులు అనుకున్నాడు. అక్షాంశం ఇంచుమించు అదే మరి. అసలువి అక్కడికి ఇంకా 6,000 కిలోమీటర్ల పైచిలుకు పడమటికి ఉన్నాయి. తను స్వయంగా తిరిగిన మనిషి!

తంబరం_తమ్ముడు:
అన్నా ఒక డౌట్, గ్వాదల్‌కెనాల్‌లో కెనాల్ ఎక్కడుంది? మ్యాప్ అంతా వెతికాను.

పటాల_పిచ్చి:
కాలువ లేదు తమ్ముడూ. స్పెయిన్‌లో సెవీయా దగ్గర ఒక ఊరి పేరది, అరబ్బీ నుంచి వచ్చిన పేరు. మెండాన్యాతో వచ్చిన పెద్రో దె ఓర్తేగా అక్కడివాడు, సొంతూరు పేరు పెట్టుకున్నాడు. మనవాళ్ళు అపార్ట్‌మెంట్‌కి ఊరి పేరు పెట్టుకుంటారు, ఆయన ఏకంగా దీవికి పెట్టాడు, అంతే.

వేళచ్చేరి_వాణి:
లెక్క బాగా చెప్పారు గానీ, "పోగొట్టుకున్నారు" అంటుంటే నాకు కాస్త ఒళ్ళు మండుతోంది. అక్కడ వేల ఏళ్ళుగా మనుషులున్నారు, ఇప్పటికీ డెబ్భై దాకా భాషలు మాట్లాడతారు, నానీ గారి స్టాంపు మీది పడవ వాళ్ళదే. పాప ప్రాజెక్ట్‌లో ఈ ముక్క ఉండాలి.

వీళ్ళు వెళ్ళింది బంగారం కోసం. స్పెయిన్ వాళ్ళకి ముందు పెరూని ఏలిన 'ఇంకా' వంశపు రాజు తుపాక్ యుపాంకి పడమటి సముద్రం మీద వెళ్ళి బంగారం తెచ్చాడని పెరూలో ఒక కథ ఉండేది, అది నమ్మి దిగారు. ఓడల నిండా మనుషులు, తెచ్చుకున్న తిండి అయిపోయింది, ఊళ్ళ మీద పడి దుంపలు, పందులు అడగడం, ఇవ్వకపోతే లాక్కోవడం. ఆ ఊళ్ళవాళ్ళు మాత్రం ఎంతమందికని పెడతారు? గ్వాదల్‌కెనాల్‌లో నీళ్ళు పట్టుకోడానికి ఒడ్డుకు దిగినవాళ్ళని చంపేశారు, దానికి బదులుగా స్పెయిన్ వాళ్ళు ఊళ్ళు తగలబెట్టారు. బంగారం దొరకలేదు. సాలమన్ అనే పేరు కూడా మెండాన్యా పెట్టింది కాదు, బైబిల్లో సాలమన్ రాజుకి బంగారం వచ్చిన దేశం ఇదేనేమో అని తర్వాత జనం నోళ్ళలో పుట్టిన పేరు. చిత్రమేంటంటే గ్వాదల్‌కెనాల్‌లో బంగారం నిజంగానే ఉంది, 1990ల చివర్లో గని కూడా తెరిచారు.

1595 కథ ఇంకా ఘోరం. నాలుగు ఓడలు, కాపురాలు పెట్టడానికి ఆడవాళ్ళు, పిల్లలు, మెండాన్యా భార్య ఇసబెల్ బరెతో కూడా. మార్కేసాస్ కాదని తేలాక పడమటికి పోగా పోగా శాంతా క్రూస్ దగ్గరికి వచ్చారు (ఇప్పుడు ఇది కూడా సాలమన్ దీవుల దేశంలోదే). అక్కడ టినకులా అనే అగ్నిపర్వతం సముద్రంలోంచి నిప్పులు కక్కుతోంది. ఆ రాత్రే ఒక ఓడ మాయమైంది. మిగిలినవాళ్ళు ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు, జ్వరాలు పట్టుకున్నాయి, వాళ్ళలో వాళ్ళే కొట్టుకున్నారు, స్నేహంగా ఉన్న ఆ ఊరి పెద్ద మలోపేని సిపాయిలే చంపేశారు. అక్టోబర్ 18న మెండాన్యా పోయాడు. తను వెతుకుతున్న సాలమన్ దీవుల్లో ఒకటైన మకీరా అక్కడికి నాలుగొందల కిలోమీటర్ల లోపే! తర్వాత పెత్తనం ఇసబెల్ తీసుకుని, కిరోస్ అనే పైలట్ దారి చూపిస్తే, 1596 ఫిబ్రవరికి ఓడని మనీలా చేర్చింది.

ఆ మాయమైన ఓడ సంగతి వినండి. 1970ల్లో మకీరాలో తవ్వకాలు జరిగితే ఆ కాలపు స్పెయిన్ వాళ్ళ కుండ పెంకులు బయటపడ్డాయి. అంటే నాయకుడు చేరలేని చోటికి తప్పిపోయిన ఓడవాళ్ళు చేరారన్నమాట, చెప్పడానికి ఎవరూ తిరిగి రాలేదు.

నంగనల్లూరు_నాని:
వాణి అక్కా, ఆ చివరి ముక్క చదివి మా ఆవిడ కూడా ఫోన్ లాక్కుంది. మరి మళ్ళీ దొరికాయని ఎవరికి ఎలా తెలిసింది?

హార్బర్_బాబాయ్:
నేను ముప్ఫై ఏళ్ళు సరుకు ఓడల మీద పని చేసి రాయపురంలో స్థిరపడ్డవాణ్ణి, ఇది నేను చెబుతాను. తమాషా ఏంటంటే దొరికినప్పుడు కూడా దొరికాయని వాళ్ళకి తెలీదు. 1767లో కార్టరెట్ అనే ఇంగ్లీషు కెప్టెన్ సాలమన్ దీవుల్లోని మలైతా పక్కనుంచి పోయాడు, కొత్త దీవి అనుకున్నాడు. మరుసటి ఏడు ఫ్రాన్స్ నుంచి బూగన్‌విల్ వచ్చాడు, ఆయనా అంతే. సాలమన్ దీవులు పటంలో ఇంకెక్కడో ఉన్నాయి కదా, ఇవి అవి ఎలా అవుతాయి?

మూడోవాడు మనకి దగ్గరివాడు. సుర్విల్ అని ఫ్రెంచి కెప్టెన్, బెంగాల్‌లో ఓడెక్కి మన కోస్తా వెంబడే దిగి, 1769 జూన్‌లో పుదుచ్చేరి నుంచి పసిఫిక్‌కి వెళ్ళాడు. మన ఈసీఆర్ రోడ్డు మీద మూడు గంటల దూరంలో ఉన్న పుదుచ్చేరే. అక్టోబర్‌లో శాంతా ఇసబెల్ చేరేటప్పటికి ఓడలో చాలామందికి చిగుళ్ళు కుళ్ళే స్కర్వీ రోగం, ఒడ్డున గొడవలు, వాళ్ళది హంతకుల దేశం అని పేరు పెట్టి వెళ్ళిపోయాడు. చివరికి పెరూ తీరంలో పడవ బోల్తాపడి మునిగిపోయాడు పాపం, అదీ మెండాన్యా బయల్దేరిన దేశంలోనే.

ఈ ముక్కలన్నీ కలిపింది ఓడెక్కినవాళ్ళు కాదు. పారిస్‌లో కూర్చుని పాత స్పెయిన్ రాతలూ కొత్త కెప్టెన్ల రాతలూ పక్కపక్కన పెట్టుకుని చదివిన బ్యూయాష్ అనే పటాలాయన, 1781లో ఇవీ అవీ ఒకటేనని తేల్చాడు. ఓడ పని చేసినవాణ్ణి, ఒప్పుకోవడం కష్టమే, అయినా నిజం అది.

నానీ బాబూ, పిల్లకి రేఖాంశం ఊరికే చెబితే తలకెక్కదు, చేయించు. మేడ మీద కర్ర నిలబెట్టండి. పొద్దున ఏదో ఒక టైముకి నీడ పొడుగు గుర్తుపెట్టుకుని, మధ్యాహ్నం మళ్ళీ సరిగ్గా అంతే పొడుగు వచ్చిన టైము చూసి, రెంటికీ నడిమి తియ్యండి, అదే మీ ఇంటి మీద మిట్టమధ్యాహ్నం. మన దేశం టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది. అక్కడినుంచి నాలుగు నిమిషాలకి ఒక డిగ్రీ. వీలైతే నుంగంబాక్కం గురించి కూడా చెప్పు. 1792లో కంపెనీవాళ్ళు అక్కడ నక్షత్రాలు చూసే వేధశాల కట్టారు, ఓడలకీ సర్వేలకీ మద్రాసు రేఖాంశం పక్కాగా కావాలి కనక. వాతావరణ కేంద్రం ఆవరణలో ఆనాటి గ్రానైట్ స్తంభం ఇప్పటికీ ఉంది, దాని మీద తెలుగులో కూడా చెక్కారు.

నంగనల్లూరు_నాని:
బాబాయ్ గారూ, ఇవాళ ఆదివారం చేశాం. కుండీలో మాప్ కర్ర పాతి, నిటారుగా ఉందో లేదో దారానికి తాళంచెవి కట్టి చూశాం. మా అత్తగారు వడియాలు ఎండబెట్టుకున్న చోటే నీడ పడుతుందని చిన్న యుద్ధం జరిగింది, అది వేరే కథ. పొద్దున 11:10కి సుద్దముక్కతో గీత గీశాం, మళ్ళీ అంతే నీడ 1:36కి వచ్చింది. నడిమి 12:23. అంటే 23 నిమిషాలు, దాన్ని నాలుగుతో భాగిస్తే 5.75 డిగ్రీలు, 82.5లోంచి తీసేస్తే 76.75. ఫోన్‌లో చూస్తే ఆ రేఖాంశం మైసూరు పక్కన ఉంది! మా ఇల్లు మైసూరు ఎప్పుడు వెళ్ళింది? సుద్దగీతలు రెండుసార్లు చూశాం, తప్పు లేదు.

హార్బర్_బాబాయ్:
శభాష్, పని బాగా చేశారు. తప్పు మీది కాదు, సూర్యుడిది. ఆయన మన గడియారంలా ఏడాది పొడుగునా ఒకేలా నడవడు. భూమి కక్ష్య కాస్త కోలగా ఉంటుంది, పైగా ఇరుసు వాలి ఉంటుంది. ఫిబ్రవరి మధ్యలో సూర్యుడు గడియారానికంటే 14 నిమిషాలు లేటు, నవంబర్ మొదట్లో 16 నిమిషాలు ముందు. ఇప్పుడు ఫిబ్రవరే కదా, 23లోంచి ఆ 14 తీసెయ్. 9 నిమిషాలు మిగిలింది, అంటే 2.25 డిగ్రీలు, అప్పుడు 80.25. ఇంక చూసుకో మీ ఇల్లెక్కడుందో.

వేళచ్చేరి_వాణి:
చేతిలో సరైన టైము చూపించే ఫోన్ ఉండి కూడా 380 కిలోమీటర్లు తప్పారా నానీ గారూ, గాయేగో ఎక్కడున్నాడో గానీ నవ్వుకుంటుంటాడు.

నంగనల్లూరు_నాని:
ఇల్లు వెనక్కి వచ్చేసింది, థ్యాంక్స్ బాబాయ్ గారూ. మెండాన్యా కూడా ఇంచుమించు అంత దూరంలోనే ఆగిపోయాడు కదా అంది మా పిల్ల, నాకు తట్టనేలేదు. మైసూరు లెక్క కొట్టెయ్యొద్దు, రెండూ చార్టు మీద పెడతానని ఇప్పుడు కూర్చుని రంగులేస్తోంది. స్టాంపు మాత్రం చార్టుకి అంటించనివ్వను, ఫోటో తీసి ప్రింట్ కొట్టిస్తున్నా, మామగారికి తెలిస్తే నన్ను దీవికి పంపిస్తారు.