కౌబాయ్స్ టీమ్‌లో లెక్కలో లేనోళ్ళలో మీవోడెవరు? అసలు ఎట్ట ఎంచుకుంటారు?

పెన్నా_గట్టు (నెల్లూరు)

అందరికీ నమస్తే. మాది వేదాయపాళెం. నాలుగేళ్ళు డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండి తిరిగొచ్చేసినా కానీ ఆడ అంటుకున్న అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి మాత్రం ఇంకా పోలా. మా పెద్దమ్మ కొడుకు ఫ్రిస్కోలో ఉంటాడు, మా బావమరిది ప్లేనోలో, నేను ఈడ, ముగ్గురం ప్రతి ఆగస్టులో ఆడి టీమ్ డల్లాస్ కౌబాయ్స్ మీద ఒక పందెం వేసుకుంటాం. క్యాంపులో 90 మంది ఉంటారు కదా, ఆ నెలాఖరుకి 53 మందే మిగులుతారు. డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునేదాన్లో, ఆరో రౌండు, ఏడో రౌండులో వచ్చినోడు, లేదంటే అసలు డ్రాఫ్టే కానోడు, అట్టాంటోళ్ళలో తలా ఒకణ్ణి మనోడు అనుకోవాలి. వాడు 53లో ఉంటే గెలిచినట్టు. నేను ఓడితే ఈణ్ణించి మలైకాజా పార్సిల్ పంపాలి, వాళ్ళు ఓడితే డిసెంబర్‌లో వచ్చేటప్పుడు నాకు జెర్సీ తేవాలి.

వరసగా నాలుగేళ్ళు కాజాలు పంపింది నేనే. నాలుగుసార్లూ రిసీవర్‌నే, అంటే విసిరిన బంతి పట్టేవోణ్ణే, పట్టుకున్నా. ప్రీసీజన్‌లో, అంటే సీజన్ ముందు ఆడే వామప్ మ్యాచ్‌ల్లో, నాలుగో క్వార్టర్‌లో ఎవడో ఒకడు గాల్లోకి ఎగిరి ఒంటి చేత్తో పట్టేస్తాడు, అది చూసి మనసు పడిపోద్ది, తీరా చూస్తే లిస్టులో వాడి పేరుండదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2023లో నన్ను తీసేశారు, కంపెనీ పేరెందుకులే, పొద్దున్నే లాప్‌టాప్ తెరిస్తే లాగిన్ కాలా, అంతే. వీసా గడువు 60 రోజుల్లో ఇంకోటి దొరకలా, పిల్లదాన్ని స్కూల్ మాన్పించి, సామాన్లు వచ్చిన రేటుకి అమ్మేసి వచ్చేశాం. ఆ ఏడు కట్ లిస్టు, అంటే టీమ్ తీసేసినోళ్ళ పేర్లు, చదువుతుంటే ఒక్కో పేరు కాడా ఆగిపోయినా. వీడు ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పుంటాడా అని. అంతకుముందు సరదా పందెం, అప్పట్నించీ నాకు సరదా కాదు, మనోడు నిలబడాలి అంతే.

కాబట్టి రెండు అడుగుతుండా. ఇన్నేళ్ళలో ఏ టీమ్‌లో అయినా సరే మీకు బాగా నచ్చిన లెక్కలో లేనోడు ఎవరు, ఎందుకు? ఈసారి ఓడకుండా ఉండాలంటే ఎట్టాంటోణ్ణి పట్టుకోవాలి?

కావలి_ప్లాట్‌ఫాం2

అన్నా నువ్వు లేఆఫ్ సంగతి చెప్పినాక నాకు ఒక్కడే గుర్తొచ్చాడు, బ్రాండన్ ఆబ్రీ. నీ కౌబాయ్సే, వాళ్ళ ఊరు కూడా మీ బావమరిది ఉండే ప్లేనోనే.

ఇతను మొదట మనం అనుకునే ఫుట్‌బాల్, సాకర్, నోట్రె డేమ్ యూనివర్సిటీకి ఆడి 2017లో టొరంటో టీమ్ డ్రాఫ్ట్‌లో తీసుకుంది, మొదటి రౌండులోనే, కానీ ఆడ నిలబడలేదు, మెయిన్ టీమ్ దాకా పోలేదు. ఇంక ఇంటికొచ్చి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఉద్యోగంలో చేరిపోయాడు, మనందరి లాగే. 2019లో ఇంట్లో కూర్చుని భార్యతో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తుంటే కిక్కర్ బంతిని కాలితో గోల్ స్తంభాల మధ్యకి కొట్టేది చూసి ఆమె ఇది నువ్వు కూడా కొట్టగలవు అనింది. ఆ ఒక్క మాటతో పగలు ఉద్యోగం, మిగతా టైములో కోచ్‌ని పెట్టుకుని కిక్కులు. 2022లో యూఎస్ఎఫ్ఎల్ అని చిన్న లీగ్‌లో బర్మింగ్‌హామ్‌కి ఆడాడు, 2022, 2023 రెండేళ్ళూ వాళ్ళే ఛాంపియన్లు. 2023 జులైలో కౌబాయ్స్ పిలిచింది, అప్పటికి వయసు 28.

మొదటి మ్యాచ్‌లో, న్యూయార్క్ జెయింట్స్ మీద వానలో, మొదటి ఎక్స్‌ట్రా పాయింట్, అంటే టచ్‌డౌన్ (బంతిని అవతలి గీత దాటించడం) అయినాక కొట్టే తేలిక కిక్, మిస్ కొట్టాడు. నాకు గుండె ఆగిపోయింది, అయిపోయాడురా వీడు అనుకున్నా. తర్వాత వరసగా 35 ఫీల్డ్ గోల్స్, అంటే మూడేసి పాయింట్ల కిక్కులు. ముప్పై అయిదు అన్నా, ఒక్కటి తప్పకుండా! కెరీర్ మొదలుపెట్టినోడు ఇంతకుముందు ఎవడూ అన్ని కొట్టలేదు. 2024లో బాల్టిమోర్ మీద 65 గజాల నించి కొట్టాడు, నేను ఆ రాత్రి మా నాన్నని నిద్ర లేపి మరీ చూపించినా, ఆయనకి ఆట తెలీదు, అయినా రెండోసారి పెట్టమన్నాడు.

నీ రెండో ప్రశ్నకి జవాబు కూడా దీన్లోనే ఉండాది. ఆబ్రీకి తలుపు ఎట్ట తెరుచుకుందో చూడు. 2023 జనవరిలో టాంపా మీద ప్లేఆఫ్ మ్యాచ్‌లో అప్పటి కౌబాయ్స్ కిక్కర్ నాలుగు ఎక్స్‌ట్రా పాయింట్లు పోగొట్టాడు. మ్యాచ్ గెలిచారు కానీ ఆ కుర్చీ ఖాళీ అయింది. మంచోడు ఎవరా అని కాదు, ఖాళీ ఎక్కడుందా అని చూడన్నా ముందు. రిసీవర్లు పన్నెండు మంది ఉంటే మిగిలేది అయిదారు మంది, అందులో ముగ్గురు నలుగురు ముందే ఖాయం.

ఒంగోలు_రెండుపళ్ళు

కావలి తమ్ముడు చెప్పింది బాగుంది కానీ కిక్కర్ ప్రతి ఏడూ ఖాళీ ఉండడు కదా. నేను ఇంకోమాట చెప్తా.

మా తాతల కాలం నించీ మాకు ఎడ్ల పిచ్చి, ఇప్పటికీ సంక్రాంతికీ తిరనాళ్ళకీ బండలాగుడు పోటీలు ఎక్కడున్నా పోతా. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అట్టా విభాగాలుంటాయి, చివర్లో సీనియర్స్. సీనియర్స్‌లో పేరున్న జతల కోసం జనం ఎగబడతారు, నేను మాత్రం పొద్దున్నే రెండు పళ్ళ జతల కాడ ఉంటా. మూపురం ఎంత ఎత్తుంది, కొమ్ము ఎట్టుంది అని చూసి మోసపోయినోళ్ళు చానామంది. రాయి ఒకసారి ఆగిపోయినాక మళ్ళా కదిలిస్తదా లేదా, అదే చూడాలి. డ్రాఫ్ట్ ముందు 40 గజాల పరుగు, ఎత్తు, చెయ్యి పొడవు అన్నీ కొలుస్తారు కదా, అదంతా కొమ్ములు చూడ్డం లాంటిదే.

ఆ రాయి కదిలించే పని ఈ ఆటలో స్పెషల్ టీమ్స్, అంటే కిక్ఆఫ్, పంట్ లాంటి బంతిని కాలితో కొట్టే సందర్భాల్లో దిగేవోళ్ళు. 53 మందిలో మ్యాచ్ రోజు బట్టలు వేసుకునేది 48 మంది దాకానే, కాబట్టి మొదటి వరసలో లేనోడు ప్రతి ఒక్కడూ కిక్ఆఫ్‌లోనో పంట్‌లోనో పరిగెత్తాల్సిందే, లేకపోతే కోచ్‌కి వాడితో పన్లేదు. నీ ఒంటి చేతి క్యాచ్‌గాడు కిక్ఆఫ్ కవరేజ్‌లో లేకపోతే వాడు పోయినట్టే. పైగా 2024 నించి కిక్ఆఫ్ రూల్ మార్చారు, బంతిని తిరిగి మోసుకొచ్చే సందర్భాలు పెరిగినై, ఆ పని చేసేవోడికి విలువ పెరిగింది.

దీనికి నా మనిషి మైల్స్ ఆస్టిన్. మన్మత్ అని న్యూజెర్సీలో చిన్న కాలేజీ, 2006లో ఎవరూ డ్రాఫ్ట్ చెయ్యలా. కౌబాయ్స్‌లో మూడేళ్ళు ఎక్కువ పని కిక్ రిటర్నే. 2009 అక్టోబర్ 11న కాన్సస్ సిటీలో మొదటిసారి స్టార్టింగ్ ఇచ్చారు, అదీ వేరేవోడికి దెబ్బ తగిలితే. ఆ రోజు 10 క్యాచ్‌లు, 250 గజాలు, ఓవర్‌టైమ్‌లో 60 గజాల టచ్‌డౌన్‌తో మ్యాచ్ ముగించేశాడు. ఒక్క మ్యాచ్‌లో ఎక్కువ గజాలకి టీమ్‌లో 1966 నించీ ఉన్న బాబ్ హేస్ రికార్డు పోయింది. మూడేళ్ళు రిటర్న్‌లు మోస్తా ఎదురుచూశాడంటే ఎంత ఓర్పు ఉండాలి!

ఉదయగిరి_కోట

నాకు ఈ ఆట ఓనమాలు కూడా తెలీవు కానీ చదువుతుంటే బాగుంది. మన ఐపీఎల్‌లో అయితే విఘ్నేశ్ పుతూర్. కేరళ ఆటో డ్రైవర్ కొడుకు, రాష్ట్రం సీనియర్ టీమ్‌కి కూడా ఆడలేదు, ముంబై 30 లక్షలకి తీసుకుంది, 2025 మార్చి 23న చెన్నై మీద చెపాక్‌లో దించితే మొదటి మ్యాచ్‌లోనే 3 వికెట్లు, అందులో గైక్వాడ్, దూబే ఉన్నారు. మీరు చెప్పే కథ ఇదే కదా?

పెన్నా_గట్టు

అచ్చం ఇదే అన్నా. తేడా ఏందంటే ఆడ 37 మందిని తీసెయ్యాల్సిన రోజు ఒకటుంటది, అదే కష్టం.

కనిగిరి_అక్క

తమ్ముడూ, మా ఆయన పదేళ్ళుగా డల్లాస్‌లోనే, నేను పిల్లలూ పోతా వస్తా ఉంటాం, ఈ ఆట నాకు ఆయన నేర్పింది కాదు, నేనే నేర్చుకున్నా. టోనీ రోమో గురించి ఎవరూ చెప్పకపోతే ఎట్ట?

2003లో డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లూ అయిపోయినై, రోమోని ఎవరూ పిలవలా. ఈస్టర్న్ ఇల్లినాయిస్ అని చిన్న కాలేజీ, అదే కాలేజీలో చదివిన షాన్ పేటన్ అప్పుడు కౌబాయ్స్ కోచ్‌లలో ఒకడు, ఆ పుణ్యాన వచ్చాడు. క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసిరి ఆట నడిపేవోడిగా, ఆడించకుండా మూడేళ్ళు బెంచ్ మీదే. మరి ఇన్నాళ్ళు ఎట్ట నిలిచాడు అంటే, ఫీల్డ్ గోల్ కొట్టేటప్పుడు బంతి నిలబెట్టే పని చేసేవాడు. హోల్డర్. ఎవరూ చూడని పని. ఒంగోలు అన్న చెప్పిన స్పెషల్ టీమ్స్‌లో అన్నిటికన్నా చిన్నది అదే.

2006 అక్టోబర్‌లో అవకాశం వచ్చింది, క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు, టీమ్ ప్లేఆఫ్స్‌కి పోయింది. 2007 జనవరి 6, సియాటిల్. ఇంకా 1 నిమిషం 19 సెకన్లు ఉంది, ఒక్క పాయింట్ వెనక, 19 గజాల కిక్, కళ్ళు మూసుకుని కొట్టేది. బంతి పట్టుకునేది ఎవరు? రోమోనే, ఎందుకంటే స్టార్ అయినాక కూడా ఆ పాత పని వదల్లేదు. బంతి చేతిలో జారింది. లేచి పరిగెత్తాడు, గీత ముందే పట్టేశారు. 21-20తో ఓడిపోయారు. అదే మ్యాచ్‌లో మీ ఆస్టిన్ 93 గజాలు కిక్ రిటర్న్ టచ్‌డౌన్ కొట్టాడు ఒంగోలన్నా, డ్రాఫ్ట్ కాని ఇద్దరూ ఒకే రాత్రి, ఒకడు పైకి, ఒకడు కిందికి.

అందరూ రోమోని ఆ ఒక్క బంతితో గుర్తు పెట్టుకుంటారు, నాకు ఆ మాట అంటేనే కోపం. వాడు ఆ పని అవసరం లేకపోయినా చేస్తున్నాడు, బెంచ్ మీదున్నప్పుడు ఏ పని కూడు పెట్టిందో దాన్ని వదల్లేదు. తర్వాత పదేళ్ళు ఆడాడు, 248 టచ్‌డౌన్ పాసులతో రిటైర్ అయ్యాడు, అప్పటికి టీమ్‌లో అదే ఎక్కువ. ఎన్ని చెప్పినా నా ఓటు అతనికే.

పచ్చజెండా_సింగరాయకొండ

నేను ఫిలడెల్ఫియా ఈగల్స్, మీ శత్రువుని, అయినా రాస్తుండా. జోర్డన్ మైలాటా. ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడేవోడు, 6 అడుగుల 8 అంగుళాలు, జీవితంలో ఒక్క అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడలేదు, 2018లో ఏడో రౌండు, 233వ పేరు. రెండేళ్ళు ఒక్క మ్యాచ్ కూడా ఆడలా. 2020లో మొదలుపెట్టి ముందు లైన్‌లో క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లెఫ్ట్ టాకిల్ స్థానం పట్టేశాడు, 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ కప్పు. టీమ్ రెండేళ్ళు ఓపిక పట్టింది కాబట్టి ఇది జరిగింది, అందుకని ఆటగాడితో పాటు కోచ్‌ని కూడా చూడు బ్రదర్, లైన్ కోచ్ మంచోడైతే లైన్‌లో లెక్కలో లేనోణ్ణి పట్టుకో.

ఇంకోటి, ఏడో రౌండు కన్నా డ్రాఫ్ట్ కానోడే మేలు అంటారు కొందరు, ఎందుకంటే డ్రాఫ్ట్ కానోడు తనకి ఏ టీమ్‌లో ఖాళీ ఉంటే ఆ టీమ్‌ని ఎంచుకోవచ్చు, ఏడో రౌండోడికి ఆ స్వేచ్ఛ లేదు. కౌబాయ్స్ చరిత్రే చూడు, 1970లో క్లిఫ్ హారిస్, 1973లో డ్రూ పియర్సన్, ఇద్దరూ డ్రాఫ్ట్ కానోళ్ళే, ఇద్దరూ ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. 1975 డిసెంబర్‌లో మిన్నెసోటా మీద ఆఖర్లో కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ స్టాబాక్ విసిరిన ఆ 50 గజాల బంతి పట్టింది పియర్సనే. శత్రువు అయినా నిజం చెప్పాలి కదా.

ఒంగోలు_రెండుపళ్ళు

పచ్చజెండా, కోచ్ మాట బాగా చెప్పావు. నెల్లూరు తమ్ముడికి ఇంకొకటి, ప్రీసీజన్‌లో స్కోర్ చూడొద్దు, మనోడు ఏ క్వార్టర్‌లో దిగాడో చూడు. నాలుగో క్వార్టర్‌లో ఎదుటోళ్ళు కూడా రేపో మాపో పోయేవోళ్ళే, వాళ్ళ మీద పట్టిన క్యాచ్‌కి బరువు తక్కువ. మొదటి క్వార్టర్‌లో మొదటి వరసతో కలిపి దించారంటే కోచ్ మనసులో ఉన్నట్టు. మూడో మ్యాచ్‌లో అసలు దించకుండా కూర్చోబెట్టారంటే ఇంకా మంచిది, ఖాయం అయిపోయాడని అర్థం.

కనిగిరి_అక్క

తీసేసినా అయిపోలేదు తమ్ముడూ, అది కూడా చెప్పండి. 24 గంటల్లో వేరే టీమ్ తీసుకోకపోతే మళ్ళా మనోళ్ళే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో, అంటే 53కి బయట రిజర్వ్‌లో, పెట్టుకోవచ్చు, 16 మందికి చోటుంటది, ఆణ్ణించి సీజన్ మధ్యలో పైకొచ్చినోళ్ళు చానామంది. నీ పందెంలో దానికి అర మార్కు అయినా పెట్టండి.

ఇంకోమాట, నీ ఉద్యోగం ఏమైంది? ఇప్పుడు బాగున్నావా? రొట్టెల పండక్కి దర్గాకి పోయినావా, ఉద్యోగ రొట్టె పట్టావా?

పెన్నా_గట్టు

బాగున్నా అక్కా. 2024లో స్వర్ణాల చెరువు కాడ మా అమ్మే నా కోసం పట్టింది రొట్టె, ఆ తర్వాత మూడు నెలలకి బెంగళూరు కంపెనీలో దొరికింది, ఇంటి నించే చేస్తుండా. మొక్కు ప్రకారం మరుసటేడు పోయి రొట్టె తిరిగిచ్చి వచ్చినాం. జీతం ఆడంత కాదు కానీ అమ్మానాన్న పక్కనే ఉండా.

అందరూ చెప్పింది రాసుకున్నా. అర మార్కు సంగతి మా అన్నకి ఫోన్ చేసి చెప్తే ఒప్పుకున్నాడు, బావమరిది ఒప్పుకోలా, ఇద్దరికి ఒకడు కాబట్టి రూల్ అయిపోయింది. ఈసారి రిసీవర్ వద్దు. మొన్న ప్రీసీజన్ మ్యాచ్ మళ్ళా పెట్టుకుని బంతి వైపు చూడకుండా కిక్ఆఫ్‌లు మాత్రమే చూసినా, ఒక సేఫ్టీ, అంటే వెనక వరస డిఫెండర్, ఉండాడు, డ్రాఫ్ట్ కానోడు, నాలుగు కిక్ఆఫ్‌ల్లో మూడుసార్లు అందరికన్నా ముందు అవతలికి చేరింది వాడే, ఒకసారి కింద పడి లేచి మళ్ళా పరిగెత్తాడు. పేరు ఇప్పుడే రాయను, మా బావమరిది ఈ గ్రూప్‌లోనే ఉండాడు, ముందు పట్టేసుకుంటాడు.

కావలి_ప్లాట్‌ఫాం2

అన్నా లిస్టు వచ్చే రాత్రి నేనూ మేలుకోనే ఉంటా, మెసేజ్ పెట్టు.

పెన్నా_గట్టు

ఆడ మంగళవారం మధ్యాహ్నం, అంటే మనకి బుధవారం తెల్లారుజామున 1:30కి గడువు. అలారం పెట్టేసినా. మా పాప కూడా లేపమనింది, దానికి వాడి జెర్సీ నంబర్ చెప్పినా, గోడ క్యాలెండర్ మీద రాసి గుండ్రం చుట్టింది.