అప్‌డేట్: ఇగ్నోనా, రెగ్యులరా? తేల్చేశాను

జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి ఆసుపత్రిలో పనిచేస్తున్నాను, పోస్ట్ బేసిక్ బీఎస్సీ (డిప్లొమా నర్సులు చేసే నర్సింగ్ డిగ్రీ) ఇగ్నోలో, అంటే దూరవిద్య యూనివర్సిటీలో చేయాలా, ఉద్యోగం మానేసి కాలేజీలో చేరాలా అని అడిగాను కదా, ఇగ్నోకే అప్లై చేశాను. రెగ్యులర్ అయితే రెండేళ్లే, ఇగ్నోలో కనీసం మూడేళ్లు. కానీ ఆ రెండేళ్లూ జీతం లేకుండా ఈఎంఐలు ఎవరు కడతారండీ! ఇంట్లో కూర్చుని వీడియోలు చూస్తే అయిపోతుందని ఒకరు రాశారు, అలాంటిదేం లేదు, ప్రాక్టికల్స్‌కి స్టడీ సెంటర్‌కి వెళ్లి తీరాలి. అందుకే ఇన్‌ఛార్జి సిస్టర్‌తో ముందే మాట్లాడి పెట్టుకున్నాను.

అసలు తలనొప్పి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్. ఇగ్నోలో చేరడానికి అడిగే రెండేళ్ల అనుభవం లెక్క ఆర్‌ఎన్‌ఆర్‌ఎం (నర్సుగా, మిడ్‌వైఫ్‌గా) రిజిస్ట్రేషన్ అయ్యాకే, చదువైపోయిన రోజు నుంచి కాదు. మా హెచ్‌ఆర్ వాళ్లేమో చేరిన తేదీ వేయకుండా "ఇక్కడ పనిచేస్తున్నారు" అని ఒక్క ముక్క రాసి స్టాంపు కొట్టిచ్చారు, మళ్లీ రాయించుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంటర్ అయిన చెల్లెలి కోసం అడిగినావిడకి: ఈ కోర్సు రిజిస్టర్డ్ నర్సులకే, మీ చెల్లి కాలేజీలో నాలుగేళ్ల బీఎస్సీనో, మూడేళ్ల జీఎన్‌ఎమ్మో చేయాల్సిందే.

ఇక ఈ కోర్సుకి ఇగ్నో పెట్టే ఓపెన్‌నెట్ అనే ఎంట్రన్స్ ఉంది. పాత ప్రశ్నపత్రాలు ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి, ప్లీజ్.